మోగని గంట ఎప్పుడు ప్రమాణం?

ఒక వస్తువు ఉన్నదని తెలుసుకోవడానికి ప్రత్యక్షం, అనుమానం, ఆప్తవాక్యం వంటి సాధనాలు ఉన్నాయని భారతీయ దర్శనాలు చాలావరకు ఏదో ఒక మేరకు అంగీకరించాయి గాని, ఒక వస్తువు లేదని తెలుసుకునే సాధనం ఏదన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మీమాంసకులు, నైయాయికులు, బౌద్ధులు, వేదాంతులు వేర్వేరు దారులు పట్టి శతాబ్దాల పాటు వాదించుకున్నారు. నేల మీద కుండ లేదన్న సాదాసీదా జ్ఞానమే ఆ వాదానికి స్థిరమైన ఉదాహరణ. ఇప్పటి ఇళ్లలో అదే ప్రశ్న మరో రూపంలో ప్రతి రాత్రీ ఎదురవుతున్నది. తలుపులకూ కిటికీలకూ హాలు గోడ మూలకూ సెన్సర్లు బిగించి, వాటన్నింటినీ ఒక కంట్రోల్ ప్యానెల్‌కు కలిపి, సైరన్ మోగనంతసేపు ఇంట్లో దొంగ లేడని నమ్మి నిద్రపోయే కుటుంబం ఒక అభావాన్ని, అంటే ఒక లేమిని, కేవలం నిశ్శబ్దం ఆధారంగా తెలుసుకుంటున్నది. అది జ్ఞానమా, ఊరటనిచ్చే అలవాటా అన్నది విచారించదగిన విషయం. సైరన్ మోగినప్పుడు ఏం చేయాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. మోగనప్పుడు దానిని ఎంతవరకు నమ్మాలన్నది అంతకంటె కష్టమైన ప్రశ్న, అంతకంటె ముఖ్యమైనది కూడా, ఎందుకంటే ఏ అలారమైనా తన ఆయుష్షులో దాదాపు అంతా మౌనంగానే గడుపుతుంది.

ఈ పరికరం పనిని తర్కశాస్త్ర పరిభాషలోకి తీసుకురావడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నేటికీ సంస్కృత తర్కంలో విద్యార్థులు మొదట చేతపట్టే గ్రంథం. అందులో అనుమానానికి ఇచ్చిన ఉదాహరణ అందరికీ తెలిసినదే: కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని తెలుస్తుంది. దేని గురించి నిర్ణయం జరుగుతున్నదో ఆ కొండ పక్షం, నిరూపించవలసిన నిప్పు సాధ్యం, గుర్తుగా నిలిచిన పొగ హేతువు, పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న నియమం వ్యాప్తి. తలుపుకు బిగించే మాగ్నెటిక్ సెన్సర్‌లో ఉన్నది సరిగ్గా ఇదే ఏర్పాటు. 1936లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించిన రీడ్ స్విచ్ అనే చిన్న గాజు గొట్టంలో రెండు సన్నని లోహపు రేకులు ఉంటాయి. ఆ గొట్టాన్ని ద్వారబంధానికీ, చిన్న అయస్కాంతాన్ని తలుపు రెక్కకూ బిగిస్తే, తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం ఆకర్షణ వల్ల రేకులు ఒకదానికొకటి తగిలి విద్యుత్తు ప్రవహిస్తుంది. తలుపు తెరుచుకోగానే రేకులు విడిపోయి ప్రవాహం ఆగుతుంది. ప్యానెల్‌కు తెలిసేది ఆ ఆగిపోవడం ఒక్కటే. దొంగ ఎవరో, దొంగతనం అంటే ఏమిటో దానికి తెలియదు. ఇల్లు పక్షంగా, దొంగ ప్రవేశం సాధ్యంగా, ప్రవాహం ఆగడం హేతువుగా అది ఒక అనుమానం చేస్తున్నది.

అయితే వ్యాప్తి ఎక్కడి నుంచి వచ్చింది? పగలంతా అదే తలుపు ఎన్నో సార్లు తెరుచుకుంటుంది, పాలు తెచ్చేవారు వస్తారు, పిల్లలు వస్తారు, ఒక్కసారి కూడా దొంగ రాడు. తలుపు తెరుచుకోవడానికీ దొంగకూ సహజమైన నియత సంబంధం ఏదీ లేదు. రాత్రి పడుకునే ముందు కీప్యాడ్ మీద సంకేత సంఖ్య నొక్కి అలారాన్ని ఆర్మ్ చేయడం, అంటే కాపలాకు సిద్ధం చేయడం, అనే చిన్న పనిలో ఈ సంబంధం పుడుతుంది. ఆ క్షణంలో ఆ కుటుంబం ఒక ప్రతిజ్ఞ చేస్తున్నది: ఇక తెల్లవారేదాకా మనవాళ్లెవరూ ఈ తలుపు తీయరు, కనుక తీసినవాడు పరాయివాడు. ప్రకృతిలో లేని వ్యాప్తిని మనుషులు తమ నడవడితో నిర్మిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ ఊళ్లకు వెళ్లే కుటుంబాల కోసం ప్రవేశపెట్టిన లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం బలం కూడా ఇందులోనే ఉన్నది. యాప్‌లో నమోదు చేసుకున్న కుటుంబం ఇంటికి తాళం వేసి వెళ్లే ముందు సమాచారమిస్తే పోలీసులు లోపల కదలికను పసిగట్టే కెమెరాను అమర్చుతారు, కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకు సంకేతం అందుతుంది. మనుషులున్న ఇంట్లో కదలిక ఏమీ నిరూపించదు. తాళం వేసిన ఇంట్లో అదే కదలిక బలమైన హేతువు అవుతుంది. పక్షాన్ని కుదించడం వల్ల హేతువుకు పదును వచ్చింది.

అలారం అకారణంగా మోగినప్పుడు మరమ్మతు చేసేవారు చేసే పని, శాస్త్రం మాటల్లో, హేత్వాభాసను గుర్తించడం. హేత్వాభాస అంటే హేతువులా కనిపిస్తూ హేతువు కానిది. అన్నంభట్టు వీటిని ఐదుగా విభజించాడు, వాటిలో మూడు ఇక్కడ ప్రత్యక్షంగా పనికివస్తాయి. మొదటిది అసిద్ధంలో ఒక రకమైన స్వరూపాసిద్ధి, అంటే పక్షంలో హేతువే లేకపోవడం. తలుపు తెరుచుకోనే లేదు, అయినా ప్యానెల్ తెరుచుకున్నదని చెప్పింది. వానాకాలంలో ఉబ్బి వేసవిలో వంగిన చెక్క తలుపు అయస్కాంతాన్ని గొట్టానికి దూరంగా జరిపి ఉండవచ్చు, తీగ కలిపిన చోట స్క్రూ వదులై ఉండవచ్చు, తుప్పు పట్టి ఉండవచ్చు. రెండవది సవ్యభిచారం, అంటే హేతువు నిజంగానే ఉన్నా సాధ్యం లేనిచోట కూడా ఉండడం. తలుపు తెరుచుకున్నది, కాని తెరిచినది మంచినీళ్ల కోసం లేచి వసారాలోకి వెళ్లిన పెద్దావిడ. మూడవది బాధితం, అంటే సాధ్యం లేదని మరొక ప్రమాణం ముందే తేల్చేయడం. మోషన్ సెన్సర్ మనిషి ఉన్నాడంటున్నది, గదంతా చూపే కెమెరాలో ఎవరూ లేరు. ఈ మూడింటి చికిత్సలు వేరు. మొదటిదానికి స్క్రూడ్రైవరు చాలు. రెండవదానికి ఇంట్లోవారి అలవాటు మారాలి, లేదా ఆ తలుపుకు లోపలివారు సంకేత సంఖ్య నొక్కడానికి వీలుగా కొన్ని సెకన్ల వ్యవధి ఇవ్వాలి. మూడవదానికి ఏ సాధనాన్ని ఎక్కడ నమ్మాలో తేల్చుకోవాలి. వీటిని కలగాపులగం చేసి, మోగిన ప్రతిసారీ సెన్సర్‌నే మార్చడం డబ్బు వృథా చేయడమే గాక అసలు దోషాన్ని కప్పిపెట్టడం కూడా.

మోషన్ సెన్సర్ల విషయంలో ఈ వివేచన మరింత అవసరం. గోడ మూలన రెండు మీటర్లకు కొంచెం పైన బిగించే ఈ తెల్లని పెట్టె ఏ కిరణాన్నీ పంపదు, గదిలోని వస్తువులు వెలువరించే ఉష్ణ కిరణాలను మాత్రమే అందుకుంటుంది. లోపలి స్ఫటికానికి రెండు భాగాలుంటాయి, అవి ఒకదాని ఫలితాన్ని మరొకటి రద్దు చేసేలా కలిపి ఉంటాయి. ముందున్న ప్లాస్టిక్ కటకం గదిని విసనకర్ర ఆకారంలో పట్టీలుగా విడగొడుతుంది. వెచ్చని శరీరం ఒక పట్టీ నుంచి మరొకదానికి దాటినప్పుడు రెండు భాగాల మధ్య తేడా పుట్టి సంకేతం వెలువడుతుంది. కాబట్టి ఎదురుగా నడిచి వచ్చేవాడికంటె అడ్డంగా దాటేవాడు దానికి తేలికగా దొరుకుతాడు, కదలకుండా నిలబడినవాడు దొరకడు. ఎండ నేరుగా పడే కిటికీకి ఎదురుగా, ఏసీ గాలి తగిలేచోట దాన్ని బిగిస్తే వృథాగా మోగుతుంది. తెలుగు ఇళ్లలో మరొక కారణం బల్లి. వెచ్చదనం కోసమో పురుగుల కోసమో సెన్సర్ మీదికి చేరి కటకానికి ఆనుకుని కదిలే బల్లి, దగ్గరగా ఉండడం వల్ల, దూరంగా నడిచే మనిషంత ప్రభావం చూపగలదు. తీగ వచ్చే రంధ్రాన్ని మూసివేయకపోతే పురుగులు లోపలికే చేరతాయి. ఈ సందర్భంలో హేతువును ఎలా నిర్వచిస్తామన్నదాన్ని బట్టి దోషం పేరు మారుతుందన్నది గమనించాలి. ఉష్ణంలో మార్పు హేతువనుకుంటే అది నిజంగానే జరిగింది, కనుక సవ్యభిచారం. మనిషి కదలిక హేతువనుకుంటే అది జరగనే లేదు, ఆవిరిని పొగగా భ్రమించినవాడి అనుమానంలాగా స్వరూపాసిద్ధి.

దొంగతనం ఏ ఒక్క ఇంటికైనా చాలా అరుదైన సంఘటన కావడం వల్ల మరొక చిక్కు పుడుతుంది. ఒక ఇంట్లో ఇరవై ఏళ్లకు ఒక్కసారి దొంగ పడతాడనీ, అలారం ఏడాదికి రెండుసార్లు మాత్రమే పొరపాటున మోగుతుందనీ అనుకున్నా, మోగిన 41 సార్లలో 40 అబద్ధం. పరికరం నాసిరకమైనది కానక్కరలేదు, సాధ్యం అరుదైతే మంచి హేతువు కూడా ఎక్కువసార్లు తప్పుతుంది. అమెరికాలో పోలీసులకు అందే దొంగల అలారం పిలుపుల్లో 90 శాతానికి పైగా ఉత్తవేనని తేలడానికి మూలం చాలావరకు ఇదే. సంభావ్యతను ఆధారం చేసుకున్న తర్కాన్ని కంప్యూటర్ శాస్త్రంలోకి తెచ్చిన జూడియా పెర్ల్ 1988లో వెలువరించిన గ్రంథంలో దొంగల అలారాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు: అలారం మోగిందని పొరుగువారు ఫోను చేస్తారు, ఇంతలో భూకంపం వచ్చిందని రేడియో చెబుతుంది, అప్పుడు దొంగ పడ్డాడన్న అనుమానం బలహీనపడుతుంది. మోతకు మరొక కారణం దొరికింది. నైయాయికులు ఉపాధి అనే మాటతో పట్టుకున్న విషయం దీనికి చాలా దగ్గరది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం సరికాదు, ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నా పొగ లేదు, పొగకు తడి కట్టె అనే అదనపు షరతు కావాలి. ఆ షరతును చూడనివాడు రెండు విషయాల సహవాసాన్ని నియమంగా పొరబడతాడు.

మోగిన అలారాన్ని మొదట నమ్మి తరువాత పరీక్షించాలా, పరీక్షించిన తరువాతనే నమ్మాలా అన్నది దీని వెంటనే వచ్చే ప్రశ్న, ఇది కూడా పాతదే. 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు జ్ఞానానికి ప్రామాణ్యం స్వతఃసిద్ధమన్నాడు: కలిగిన జ్ఞానాన్ని, దానికి విరుద్ధమైన బాధకజ్ఞానం గాని, దాన్ని పుట్టించిన సాధనంలో దోషం ఉన్నదన్న తెలివిడి గాని ఎదురయ్యేదాకా నమ్మవలసిందే. నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు, ప్రామాణ్యం పరతః, అంటే వేరొకదాని ద్వారా, ముఖ్యంగా ఆ జ్ఞానాన్ని అనుసరించి చేసిన పని ఫలించడం ద్వారా తేలుతుందన్నారు. అమెరికాలో యూటా రాష్ట్రపు సాల్ట్ లేక్ సిటీ పోలీసులు 2000 సంవత్సరంలో ఒక మార్గం నుంచి మరొక మార్గానికి మారారు. అంతకుముందు అలారం మోగితే చాలు బయల్దేరేవారు, ఆ తరువాత ఎవరైనా వెళ్లి చూసి లేదా కళ్లారా చూసినవారు చెప్పి నిర్ధారించినప్పుడే వస్తామన్నారు. రెండు సెన్సర్లు ఒకదాని తరువాత ఒకటి స్పందిస్తేనే మోగేలా ప్యానెల్‌ను అమర్చడం కూడా పరతఃప్రామాణ్యమే. అందులో లాభం స్పష్టం, నష్టం కూడా అంతే స్పష్టం: ఉత్త మోతలు తగ్గుతాయి, ఒక్క సెన్సర్ పరిధిలోనే పని ముగించుకుపోయే దొంగ తప్పించుకుంటాడు. ప్రాణాలకు ముప్పు ఉన్నచోట కుమారిలుడి మార్గమే మేలన్నది నిస్సంకోచంగా చెప్పదగిన మాట. వయసు మళ్లిన తల్లిదండ్రులు ఒంటరిగా ఉండే ఇంట్లో, పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్నప్పుడు, రెండవ సాక్షి కోసం ఎదురుచూసే వ్యవధి ఖరీదైనది.

మోతకు సంబంధించిన ఈ చర్చ అంతా మౌనం ప్రశ్నకు ముందుమాట. మోత తప్పయితే తెలుస్తుంది, నిద్ర చెడుతుంది, పొరుగువారు విసుక్కుంటారు, మరమ్మతు జరుగుతుంది. మౌనం తప్పయితే తెలిసేది ఇల్లు గుల్లయిన తరువాతనే. విద్యుత్ అయస్కాంతంతో పనిచేసే దొంగల అలారానికి 1853లో పేటెంటు పొందినవాడు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సోమర్‌విల్ పట్టణంలో క్రైస్తవ మతబోధకుడుగా ఉన్న ఆగస్టస్ రస్సెల్ పోప్. దొంగ ఏ జామున వస్తాడో ఇంటి యజమానికి తెలియదు గనుక మెలకువగా ఉండాలన్న బోధ మత్తయి సువార్తలో ఉన్నది, ఆయన వృత్తిలో తరచు చదవవలసిన భాగమే అది. ఆయన ఏర్పాటులో తలుపు తెరుచుకున్నప్పుడు విద్యుత్ వలయం పూర్తయి, సుత్తి ఇత్తడి గంటను కొట్టేది, తలుపు మళ్లీ మూసినా మోత ఆగేది కాదు. దాని హక్కులను 1857లో కొన్న ఎడ్విన్ హోమ్స్ ఆ వ్యాపారాన్ని బోస్టన్‌లో మొదలుపెట్టి న్యూయార్క్‌కు విస్తరించాడు. ఈ పద్ధతిలో ఒక లోతైన లోపం ఉన్నది. మామూలుగా వలయం తెగి ఉంటుంది, తెరిచినప్పుడే కలుస్తుంది. కనుక ఎవరైనా తీగను ముందుగానే కత్తిరిస్తే, ఎలుక కొరికితే, బ్యాటరీ చచ్చిపోతే గంట మోగదు. దొంగ లేనప్పటి మౌనానికీ గంట చచ్చినప్పటి మౌనానికీ తేడా లేదు.

వలయాన్ని తలకిందులు చేయడంతో ఈ లోపం సగం తీరింది. మామూలుగా విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది, ఆగితే మోగుతుంది, కనుక తీగ కత్తిరించినా మోగుతుంది. అయితే తెలిసినవాడు సెన్సర్‌కు ముందే రెండు తీగలనూ కలిపేస్తే ప్రవాహం ఆగదు, ఆ తరువాత తలుపు తెరిచినా ప్యానెల్‌కు తెలియదు. దీనికి విరుగుడుగా తీగ చివర, సెన్సర్ ఉన్నచోటనే, కొన్ని వేల ఓంల రెసిస్టర్‌ను, అంటే ప్రవాహాన్ని కొలతగా నిరోధించే చిన్న భాగాన్ని అమర్చుతారు. అప్పుడు ప్యానెల్ ప్రవాహం ఉందా లేదా అని మాత్రమే గాక, ఎంత ఉన్నదని కూడా చూస్తుంది. తగినంత ఉంటే క్షేమం, ఆగితే తలుపు తెరుచుకున్నది లేదా తీగ తెగింది, అమితమైతే ఎవరో తీగలు కలిపారు. రెండు రెసిస్టర్లు వాడితే తలుపు తెరుచుకోవడం, తీగ తెగడం, తీగలు కలవడం, అంతా క్షేమం అన్న నాలుగు స్థితులూ విడివిడిగా తెలుస్తాయి. ఇందులో విచారకరమైన సంగతి ఒకటి ఉన్నది. పని తొందరలో కొందరు బిగింపుదారులు ఆ రెసిస్టర్‌ను తీగ చివర గాక, చేతికి అందుబాటులో ఉన్న ప్యానెల్ పెట్టెలోనే బిగించేస్తారు. ప్యానెల్‌కు తేడా తెలియదు, అంతా క్షేమమనే చూపుతుంది, పరీక్షలో తలుపు తెరిస్తే మోగుతుంది కూడా. కాని తీగ పొడవునా ఎక్కడ తీగలు కలిపినా రెసిస్టర్ ఇంకా ప్యానెల్‌లోనే ఉన్నది గనుక కొలత మారదు. రక్షణ చిహ్నం ఉన్నది, రక్షణ లేదు. ఇల్లు కట్టించుకున్నవారు ఈ ఒక్క ప్రశ్న అడిగి, సెన్సర్ దగ్గర మూత తీయించి చూస్తే పని నాణ్యత చాలావరకు తేలిపోతుంది.

కుమారిలుడు ఆరవ ప్రమాణంగా నిలబెట్టిన అనుపలబ్ధి సిద్ధాంతం ఇక్కడ తన పూర్తి బలంతో కనిపిస్తుంది. అనుపలబ్ధి అంటే కనబడకపోవడం, దొరకకపోవడం. కుండ కనబడకపోవడమే కుండ లేదన్న జ్ఞానానికి సాధనమని భాట్ట మీమాంసకులు, వారి వెంట అద్వైతులు అన్నారు. మీమాంసకుల్లోనే మరొక శాఖవారైన ప్రాభాకరులు దీన్ని ప్రమాణంగా అంగీకరించలేదు, నైయాయికులు అభావాన్ని కూడా కన్నే చూస్తుందని, కనబడకపోవడం దానికి సాయం మాత్రమేనని అన్నారు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దీన్ని ఒక రకం హేతువుగా లెక్కించాడు. పేర్లలో ఇంత పోరాటం ఉన్నా ఒక షరతు మీద అందరూ దాదాపు కలిశారు. కనబడకపోవడం మాత్రమే చాలదు, ఆ వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేదన్న యోగ్యత ఉండాలి. వెలుగున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు, చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలదు. ధర్మరాజాధ్వరీంద్రుడి వేదాంత పరిభాష దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నది. దేశంలో గాని కాలంలో గాని స్వభావం చేత గాని దూరమైన వస్తువులు కనబడకపోవడం సందేహాన్నే ఇస్తుంది తప్ప నిశ్చయాన్ని ఇవ్వదని ధర్మకీర్తి హెచ్చరించాడు.

అలారం మౌనాన్ని ఈ కొలబద్దతో చూసినప్పుడు చీకటి గదులు ఎన్నో బయటపడతాయి. రామగుండం, రెంటచింతల వంటిచోట్ల వేసవి మధ్యాహ్నం తాళం వేసిన గదిలో గోడలు మనిషి చర్మపు వేడికి చేరువవుతాయి. ఉష్ణంలోని తేడాను చూసే సెన్సర్‌కు అప్పుడు మనిషి గోడలో కలిసిపోతాడు. మంచి సెన్సర్లలో దీన్ని సవరించే ఏర్పాటు ఉంటుంది, చౌకవాటిలో ఉండకపోవచ్చు. ప్యానెల్ లోపలి 12 వోల్టుల బ్యాటరీ మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తుంది గాని, 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీల వేడికీ దాని ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయిన సంగతి అలారానికి తెలియను కూడా తెలియదు, కనుక బ్యాటరీకి పరీక్ష జరగదు. మీటరు పెట్టి చూస్తే వోల్టులు సరిగ్గానే కనిపించే ముసలి బ్యాటరీ సైరన్ భారం పడగానే కుంగిపోతుంది. తీగల్లేని సెన్సర్లలో నమ్మదగినవి కొంత వ్యవధికోసారి తాము సజీవంగా ఉన్నామని ప్యానెల్‌కు సంకేతం పంపుతాయి, అది రాకపోతే ప్యానెల్ ఫిర్యాదు చేస్తుంది. చౌకరకాల్లో ఆ ఏర్పాటు లేదు, వాటి బ్యాటరీ చచ్చిన రోజునా క్షేమమైన రోజునా ప్యానెల్ ముఖం ఒకేలా ఉంటుంది. ఫోనుకు సందేశం పంపే యంత్రంలోని సిమ్ రీఛార్జి గడువు దాటిపోతే సైరన్ మోగినా డల్లాస్‌లోని కొడుకుకు కబురు అందదు. అన్నింటికంటె తరచుగా జరిగేది మరొకటి: ఒక సెన్సర్ పదేపదే ఉత్తగా మోగితే విసిగిన కుటుంబం దాన్ని బైపాస్ చేస్తుంది, అంటే లెక్కలోంచి తీసేస్తుంది, తరువాత ఆ సంగతి మరిచిపోతుంది. తప్పుడు మోతలు చేసే అసలు హాని ఇది. అవి మౌనాన్ని కూడా చెరుపుతాయి.

కాబట్టి నిర్వహణ అన్నది యోగ్యతను కాపాడే పని. నెలకోసారైనా ప్యానెల్‌ను వాక్ టెస్ట్ అనే స్థితిలో పెట్టి, ఒక మనిషి ప్రతి గదిలో దొంగ నడవగల దారుల్లో నడుస్తూ, ప్రతి తలుపూ తెరుస్తూ, ఏ సెన్సర్ స్పందించిందో చూడాలి. కరెంటు ఆపి, సైరన్ మోగించి, బ్యాటరీ నిలుస్తుందో లేదో చూడాలి. తార్కికులు కుండ ఇక్కడ ఉండి ఉంటే నేల కనబడినట్టే కనబడి ఉండేదన్న తర్కాన్ని అభావజ్ఞానానికి ఆధారంగా చూపారు. వాక్ టెస్ట్ ఆ తర్కంలోని ‘ఉండి ఉంటే’ను నిజంగా ఉంచి చూస్తుంది. ఈ గదిలో మనిషి నడిస్తే తప్పక తెలిసేదన్న మాట ఆ నడక తరువాతనే అర్థవంతమవుతుంది. అయినా ఒక శంక మిగులుతుంది. సెన్సర్‌ను ప్యానెల్ కనిపెడుతుంది, ప్యానెల్‌ను పర్యవేక్షణ కేంద్రం కనిపెడుతుంది, ఆ కేంద్రాన్ని ఎవరు కనిపెట్టాలి? ఈ అనవస్థకు, అంటే అంతులేని వెనకడుగుకు, కుమారిలుడు శ్లోకవార్తికంలో ఆచరణయోగ్యమైన హద్దు పెట్టాడు: మూడు నాలుగు జ్ఞానాలకు మించి వెతకనక్కరలేదు, దోషం ఉన్నదనడానికి కారణం కనిపించనిచోట సందేహాన్ని ఊహతో పెంచుకోవడం ఏ వ్యవహారాన్నీ సాగనివ్వదు. మనశ్శాంతి కోసం అలారం మీద అలారం కొనేవారికి ఈ మాట ఎంతో అవసరం. యోగసూత్రాల మీది వ్యాసభాష్యం అపరిగ్రహాన్ని, అంటే వస్తువులను కూడబెట్టకుండా ఉండడాన్ని, వివరిస్తూ, సంపాదించడంలోనే గాక కాపాడుకోవడంలో కూడా దోషాన్ని చూసింది. గృహస్థు ఆ దోషాన్ని పూర్తిగా వదులుకోలేడు, అతని ఇంట్లో బంగారం మాత్రమే గాక ప్రాణాలూ ఉన్నాయి, కాని కాపలా తనకొక హద్దు తెలుసుకోవాలి.

అనుపలబ్ధికి పెట్టిన ఈ షరతు ఇంటి గోడలు దాటి చాలా దూరం వెళ్తుంది. 10వ శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో, ఈశ్వరుడు కనబడడు గనుక లేడనే చార్వాకుడికి ఇచ్చిన జవాబు దీని మీదనే నిలిచింది. కనబడనిదల్లా లేకపోతే, ఇంటి నుంచి బయటికి వెళ్లిన చార్వాకుడికి తన భార్యాబిడ్డలు కనబడరు గనుక వారు లేరని ఏడవవలసి వస్తుంది, ఇల్లు లేదు గనుక తిరిగి వెళ్లవలసిన పనీ ఉండదు. ఈశ్వరుడు కంటికి యోగ్యమైన వస్తువు కానప్పుడు కంటికి కనబడకపోవడం అతని అభావాన్ని నిరూపించదు. ఈ వాదాన్ని గౌరవించేవారు దాని రెండవ అంచును కూడా గౌరవించాలి: యోగ్యత లేనిచోట మౌనం అభావాన్ని నిరూపించనట్టే భావాన్ని, అంటే ఉనికిని కూడా నిరూపించదు. ప్రార్థనకు జవాబు రానప్పుడు భక్తుడూ నాస్తికుడూ ఇద్దరూ తమ తమ నిర్ణయాలకు తొందరపడతారు. ఉండి ఉంటే ఎలా తెలిసేదన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా ఆ మౌనం నుంచి ఏదీ రాబట్టలేరు.

అంతకంటె దగ్గరగా తగిలే మౌనం అంతరాత్మది. మనుస్మృతి ధర్మానికి చెప్పిన మూలాల్లో ఆత్మతుష్టి, అంటే మనసుకు కలిగే తృప్తి, చివరిది. తప్పు చేస్తే మనసు గుచ్చుతుంది, గుచ్చలేదు గనుక తప్పు లేదు అన్న అనుమానం అందులో దాగి ఉన్నది, నేటి మనుషులు కూడా నిత్యం చేసే అనుమానమే అది. తంత్రవార్తికంలో కుమారిలుడు దీన్ని యథాతథంగా ఒప్పుకోలేదు. వేదసంస్కారంతో పండిన శిష్టుల మనస్తృప్తికే ప్రామాణ్యం ఇచ్చాడు. అభావానికి యోగ్యతను షరతుగా పెట్టిన ఆలోచన తీరే ఇక్కడ కూడా పనిచేసింది: మనసు సరైన స్థితిలో ఉంటేనే దాని మౌనం మాట్లాడుతుంది. పదేపదే తప్పు చేసి గుచ్చుకోవడం మానేసిన మనసు, బైపాస్ చేసి మరిచిపోయిన సెన్సర్‌కు సాటి.

అయితే కుమారిలుడి ఈ జవాబు చాలదు. సంస్కారం పొందిన మనసులు, శాస్త్రం తెలిసిన మనసులు, తమ ఊరి చివరి పల్లెలో మనుషులకు బావి నీళ్లూ గుడి గడపా నిషిద్ధమై ఉండగా శతాబ్దాల తరబడి మౌనంగా ఉన్నాయి. ఆ మౌనాన్ని వారు నిర్దోషత్వానికి సాక్ష్యంగా తీసుకున్నారు. శిక్షణే కొన్ని గదులను చీకటిలో ఉంచినప్పుడు, శిక్షణ పొందిన మనసు ఆ గదుల్లో అభావాన్ని నిర్ణయించలేదు, కుమారిలుడి షరతు ప్రకారమే నిర్ణయించలేదు. ప్యానెల్ తనంతట తాను చేసుకునే పరీక్షలో బ్యాటరీ గురించీ తీగల గురించీ తెలుస్తుంది గాని, కటకం ముందు బీరువా నిలబెట్టి ఉంటే ఆ సంగతి తెలియదు, ఎవరో ఒకరు ఆ గదిలోకి వెళ్లి నడిస్తేనే తెలుస్తుంది. 1941లో గబ్బిలం కావ్యంతో గుర్రం జాషువ చేసినది అటువంటి పని. గుడిలోకి రానివ్వని మనిషి తన కబురును గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలం చేత శివుడికి పంపుకుంటాడు, ఆ కబురు దారి పొడవునా వినవలసి వచ్చినవారు ఆనాటి సంస్కారవంతులు. ఒక సమాజం అంతరాత్మ పనిచేస్తున్నదో లేదో ఆ సమాజం చేసిన గాయం తగిలినవారు చెప్పగలరు, తగిలించినవారు చెప్పలేరు, కనుక ధర్మం విషయంలో ఆత్మతుష్టిని ప్రమాణంగా నిలబెట్టదలచినవారు శిష్టుల జాబితాలో మొదట ఎవరిని చేర్చాలో మళ్లీ ఆలోచించవలసి ఉన్నది.